పెరుంబాక్కంలో అర గ్రౌండు, కింద నల్ల బంకమట్టి: సాయిల్ రిపోర్టు ఎలా చదవాలి?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. చెన్నై పెరుంబాక్కంలో అర గ్రౌండు స్థలం, అంటే 1200 చదరపు అడుగులు. కట్టబోయేది గ్రౌండ్ ఫ్లోర్, దానిమీద రెండంతస్తులు. వరద భయంతో రెండేళ్ల కిందట 1.2 మీటర్ల ఎత్తున మట్టి పోయించారు. సాయిల్ రిపోర్టు ప్రకారం ఆ ఫిల్లింగ్ కింద 5 మీటర్ల లోతు దాకా నల్లటి బంకమట్టి. లిక్విడ్ లిమిట్ 62, ప్లాస్టిసిటీ ఇండెక్స్ 38, ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 70 శాతం, స్వెల్లింగ్ ప్రెషర్ చదరపు మీటరుకు 120 కిలోన్యూటన్లు (పది కిలోన్యూటన్లంటే దాదాపు ఒక టన్ను). ఎన్ విలువ పైన 8, మూడున్నర మీటర్లు దాటాక 14 (ఈ పేర్ల అర్థం కింద ఒక్కొక్కటిగా చెబుతాను). 5 నుంచి 7.5 మీటర్ల దాకా బంక కలిసిన ఇసుక, అక్కడ ఎన్ 22. ఆ కింద శిథిలమైన రాయి. నీళ్లు 3.2 మీటర్ల దగ్గర తగిలాయి, బోరు వేసింది మే నెలలో. సేఫ్ బేరింగ్ కెపాసిటీ, అంటే నేల భద్రంగా మోయగల బరువు, చదరపు మీటరుకి 10 టన్నులని రాసి, సిఫారసు మాత్రం అండర్‌రీమ్డ్ పైల్ (నేలలోకి దించే, కిందిభాగంలో గుబ్బ ఉన్న కాంక్రీటు స్తంభం) అన్నారు. మీ కాంట్రాక్టరేమో "10 టన్నులు వస్తోంది కదా, 45 టన్నుల పిల్లర్‌కి ఏడడుగుల ఫుటింగ్ అయిదడుగుల లోతున వేస్తే చాలు, పైల్ డబ్బులు దండగ" అంటున్నారు.

కాంట్రాక్టరు లెక్క తప్పు కాదు. 45ని 10తో భాగిస్తే నాలుగున్నర చదరపు మీటర్లు, ఏడడుగుల చదరం సరిగ్గా అంతే. తప్పంతా ఆయన వేసుకున్న ప్రశ్నలో ఉంది. మీ నేల బరువుకి కుంగిపోతుందా అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. వానకి ఉబ్బి, ఎండకి ముడుచుకుని, ఇంటిని ఒక్కోచోట ఒక్కోలా కదిలిస్తుందా అన్నది మొదటిది. రిపోర్టు రాసినవాళ్లు ఆ మొదటి ప్రశ్నకి జవాబు చెప్పారు. వాళ్ల మాటే వినండి. ఎందుకో వివరంగా రాస్తాను.

మట్టి అంటే గట్టి పదార్థం కాదు. గింజలు, గింజల మధ్య సందులు, ఆ సందుల్లో నీళ్లో గాలో రెండూనో. ఇల్లు మోసేది గింజకీ గింజకీ మధ్య ఉన్న ఒత్తిడి. సందుల్లోని నీరు తనవంతు ఒత్తిడితో గింజల్ని విడదీయాలని చూస్తుంది. పైనున్న మొత్తం బరువులోంచి నీటి పీడనాన్ని తీసేస్తే మిగిలేదే ఎఫెక్టివ్ స్ట్రెస్. కార్ల్ టెర్జాఘీ 1920లలో తేల్చిచెప్పిన ఈ ఒక్క తీసివేత మీదే ఈ శాస్త్రమంతా నిలబడింది.

మీ స్థలానికే లెక్క వేద్దాం. తడిసిన బంకమట్టి ఘనపు మీటరు సుమారు 19 కిలోన్యూటన్లు. 4 మీటర్ల లోతున మొత్తం ఒత్తిడి చదరపు మీటరుకి 76 కిలోన్యూటన్లు. నీళ్లు 2 మీటర్ల దగ్గర ఉంటే అక్కడి నీటి పీడనం 19.6, గింజల మధ్య మిగిలేది 56. నవంబరులో నీళ్లు నేలమట్టానికి వస్తే నీటి పీడనం 39 అవుతుంది, మిగిలేది 37. ఇంటి మీద ఒక్క ఇటుక పెరగలేదు, నేల పట్టులో మూడో వంతు పోయింది. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. అందుకే మే నెలలో చూసిన 3.2 మీటర్లు డిజైనుకి పనికొచ్చే అంకె కాదు. నీటి మట్టం నేలమట్టానికే వస్తుందనుకుని లెక్క కట్టారా అని రిపోర్టు ఇచ్చినవాళ్లని రాతపూర్వకంగా అడగండి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్క ఇసుక నేలల్లో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ నీళ్లు పైకొస్తే ఫుటింగ్ మోయగలిగే బరువు సగం దాకా పడిపోవచ్చు.

ఇప్పుడు ఎన్ విలువ సంగతి. స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్టులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, బోరు అడుగున చీలిక గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు లెక్కలోకి రావు, చివరి 30కి పడ్డ దెబ్బలే ఎన్. చూడ్డానికి సులువైన పరీక్ష. అందుకే నిర్లక్ష్యంగా చేస్తారు. కూలీలు అలిసిపోయాక సుత్తి 75 బదులు 50 సెంటీమీటర్లే లేస్తుంది, ఎన్ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. బోరు అడుగున రాలిన మట్టి తీయకుండా కొడితే వచ్చే ఎన్‌ని నమ్మలేం. ఇసుక పొరలో బోరులోని నీళ్లు బయటి నీటి మట్టం కన్నా దిగితే ఇసుక కింది నుంచి ఉబికి వదులైపోతుంది, అప్పుడు ఎన్ తగ్గుతుంది. నీటి కింద సన్నటి ఇసుకలో, సిల్టులో (ఇసుక కన్నా సన్నటి ఒండ్రు) 15 దాటిన ఎన్‌ని మాత్రం తగ్గించి వాడాలి. 15 పైనున్న భాగంలో సగమే తీసుకోవాలి, అంటే 25 వస్తే 20. బోరు వేసేటప్పుడు మీరో మీ ఇంజనీరో పక్కనే నిలబడి, సుత్తి రాడ్డు మీద 75 సెంటీమీటర్ల దగ్గర సుద్దగీత గీయించండి. పైసా ఖర్చు లేదు.

బంకమట్టిలో ఎన్ 8 అంటే అన్‌కన్ఫైన్డ్ స్ట్రెంగ్త్ (పక్కల ఆసరా లేకుండా నొక్కితే మట్టి తట్టుకునే ఒత్తిడి) చదరపు మీటరుకి 100 కిలోన్యూటన్ల చుట్టుపక్కల, కొహీజన్ (మట్టి తనని తాను పట్టుకునే జిగి) దానిలో సగం. అదీ ఉజ్జాయింపే. మీ రిపోర్టులో ల్యాబ్ పరీక్ష చూసి 40 తీసుకున్నట్టుంది, అది సబబే. 40ని బంకమట్టికి వాడే గుణకం 5.14తో, మళ్లీ చదరపు ఫుటింగ్‌కి వాడే 1.3తో గుణిస్తే 267. రెండున్నర ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీతో (భద్రత కోసం ఉంచుకునే వెసులుబాటు) భాగిస్తే 107, అంటే 10 టన్నుల పైచిలుకు. ఆ 10 ఇలా పుట్టింది. ఇందులో ఉబ్బుడు మాట ఎక్కడా లేదు, గమనించండి. సేఫ్ బేరింగ్ కెపాసిటీ మట్టికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఫుటింగ్ వెడల్పు, లోతు, నీటి మట్టం, ఎంత కుంగుబాటు ఒప్పుకుంటాం అన్నవాటిని బట్టి మారే లెక్క. పక్కింటాయన పది టన్నులు మీ పది టన్నులు కావు.

మీ రిపోర్టులో అసలు కథ చెప్పేవి లిక్విడ్ లిమిట్, ప్లాస్టిసిటీ ఇండెక్స్, ఫ్రీ స్వెల్. లిక్విడ్ లిమిట్ అంటే మట్టి ముద్ద ద్రవంలా జారడం మొదలయ్యే తేమ శాతం. ఇత్తడి కప్పులో ముద్ద పెట్టి, మధ్యలో గాడి గీసి, సెంటీమీటరు ఎత్తు నుంచి తట్టుతారు. 25 దెబ్బలకి గాడి 12 మిల్లీమీటర్ల మేర కలుసుకుంటే అప్పటి తేమే లిక్విడ్ లిమిట్. అదే మట్టిని అరచేత్తో గాజుపలక మీద జంతిక తీగలా పాముతూ పోతే, 3 మిల్లీమీటర్ల లావుకొచ్చేసరికి పగుళ్లిచ్చి విరిగే తేమ ప్లాస్టిక్ లిమిట్. రెండింటి తేడా ప్లాస్టిసిటీ ఇండెక్స్. మీది 38, అంటే ఈ మట్టి ఎంతో నీళ్లు తాగుతుంది, అయినా ముద్దగానే ఉంటుంది. లిక్విడ్ లిమిట్ 62కి వర్గీకరణ గీత 31 దగ్గర పడుతుంది, మీ 38 దానికి పైన ఉంది కాబట్టి ఇది సీహెచ్ రకం, బాగా జిగురున్న బంకమట్టి.

ఫ్రీ స్వెల్ పరీక్ష ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. 425 మైక్రాన్ల జల్లెడ దిగిన ఎండు మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో వేసి, ఒకదాన్ని కిరోసిన్‌తో, ఇంకోదాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో నింపి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అందులో 10 మిల్లీలీటర్ల దగ్గర నిలిచి, నీళ్లలో 17కి లేచిందంటే 70 శాతం. 50 దాటిందంటే మామూలు ఫుటింగ్ ఆలోచన పక్కనపెట్టి, ఉబ్బే నేలకి తగిన పునాది చూసుకోవాలి. వేసవిలో మీ వీధి చివర ఫిల్లింగ్ పోయని ఖాళీ స్థలాలు చూడండి. నేల నోరు తెరిచి, బీటలో చెయ్యి పట్టేలా ఉంటే రిపోర్టు చెప్పిందే మీ కళ్లముందూ ఉన్నట్టు. మన పల్నాడు, కర్నూలు రైతులకి నల్లరేగడి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదీ అలాంటి స్వభావమే.

ఇక స్వెల్లింగ్ ప్రెషర్ 120. ఎండిన నమూనాని అస్సలు ఉబ్బనివ్వకుండా అదిమిపెట్టి కొలిచిన అంకె ఇది. నేలలో అంత రాకపోవచ్చు, కానీ ఎటు తోస్తుందో తెలుస్తుంది. మీ మధ్య పిల్లర్ ఫుటింగ్ కింద పూర్తి బరువు పడినప్పుడు ఒత్తిడి 100. పోర్టికో పిల్లర్ మీద మహా అయితే 6 టన్నులు, దాని ఫుటింగ్ నాలుగడుగుల చదరం, ఒత్తిడి 42 దాటదు. నేల తడిసినప్పుడు మధ్య పిల్లర్ కదలకపోవచ్చు, పోర్టికో లేస్తుంది. ఉబ్బే నేలలో బరువైన కట్టడం కన్నా తేలికైనదే ముందు దెబ్బతింటుంది. కాంపౌండ్ గోడ, మెట్ల కింది బాత్రూమ్, పోర్టికో, ఈ వరుసలో పగుళ్లు కనిపిస్తాయి. ఇల్లంతా కలిసికట్టుగా లేచినా, కలిసికట్టుగా కుంగినా పెద్ద నష్టం లేదు. పక్కపక్క పిల్లర్ల మధ్య తేడానే గోడల్ని చీలుస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 1904 ప్రకారం విడివిడి ఫుటింగుల మీద ఆర్‌సీసీ ఇంటికి ఆ తేడా, పిల్లర్ల మధ్య దూరంలో 0.0015 వంతు దాటకూడదు. 4 మీటర్ల దూరానికి 6 మిల్లీమీటర్లు. ఒక చిటికెన వేలి మందం కూడా కాదు.

అయిదడుగుల లోతు అన్న మాటలో ఇంకో మెలిక ఉంది. ఆ అయిదడుగులు ఎక్కణ్నుంచి? ఫిల్లింగ్ పైనుంచి కొలిస్తే 1.5 మీటర్లలో 1.2 పోసిన మట్టే. ఫుటింగ్ అసలు నేలలోకి దిగేది ఒక్క అడుగు. ఋతువుని బట్టి తేమ ఎక్కువగా మారే పొర ఇలాంటి బంకమట్టిలో సుమారు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది, అందుకే ఐఎస్ 2911 మూడో భాగం ఉబ్బే నేలల్లో అండర్‌రీమ్డ్ పైల్ కనీసం 3.5 మీటర్లు ఉండాలంటుంది. అంటే ఆయన వేయమంటున్న ఫుటింగ్ సరిగ్గా ఎక్కువ కదిలే పొర నెత్తిన కూర్చుంటుంది.

ఆ ఫిల్లింగ్ బరువు సంగతి ఎవరూ పట్టించుకోరు. 1.2 మీటర్ల మట్టి అంటే చదరపు మీటరుకి 21 కిలోన్యూటన్ల పైనే. ఆర్‌సీసీ ఇంట్లో ఒక అంతస్తు సగటున 10, 12 వేస్తుంది. స్థలం ఎత్తు పెంచినప్పుడే దాదాపు రెండంతస్తుల బరువు స్థలమంతా పరిచేశారన్నమాట. 2015 డిసెంబరు వరదల తర్వాత దక్షిణ చెన్నైలో ఎత్తు పెంచడం మామూలైపోయింది. తప్పనిసరే, కాదనను. కానీ మెత్తటి బంకమట్టి ఆ బరువుకి వెంటనే కుంగదు, సందుల్లోని నీళ్లు మెల్లగా బయటికి పోయేకొద్దీ కుంగుతుంది. దీన్నే కన్సాలిడేషన్ అంటారు. దీని కాలం పొర మందం వర్గాన్ని (మందాన్ని మందంతో గుణించగా వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. కన్సాలిడేషన్ కోఎఫిషెంట్ (ఆ కుంగుబాటు ఎంత వేగంగా సాగుతుందో చెప్పే అంకె) ఏడాదికి 1 చదరపు మీటరు అనుకుంటే, 3 మీటర్ల బంక పొరకి పైనా కిందా ఇసుక ఉంటే 90 శాతం కుంగడానికి దాదాపు రెండేళ్లు. ఒక్కవైపే నీళ్లకి దారి ఉంటే ఏడున్నరేళ్లు. మీ మట్టి కాస్త గట్టిది, కింద ఇసుక పొర కూడా ఉంది, ఫిల్లింగ్ పోసి రెండేళ్లయింది. అందుకని మీకు ఈ బెంగ తక్కువ. పళ్లికరణై చిత్తడికి ఆనుకున్న స్థలాల్లో, ఎన్ 2, 3 వచ్చేచోట మాత్రం ఇదే అసలు సమస్య. అక్కడ కుంగే ఫిల్లింగ్ పైల్‌ని పట్టుకుని కిందికి లాగుతుంది కూడా, ఆ బరువు డిజైన్‌లో కలపాలి.

సరే, పునాది. మీ నేలకి నేను ఎంచుకునేది 300 మిల్లీమీటర్ల కాండం, 750 మిల్లీమీటర్ల గుబ్బ ఉన్న అండర్‌రీమ్డ్ పైల్. గుబ్బ మధ్యభాగం 4.2 మీటర్ల దగ్గర, పైల్ అడుగు 4.6 దగ్గర ఉండాలి. అక్కడ తేమ పెద్దగా మారదు, ఎన్ 14. గుబ్బ కింద మోస్తుంది, పైపొర ఉబ్బి పైల్‌ని పైకి లాగినప్పుడు లంగరులా పట్టుకుంటుంది. 5 మీటర్లు దాటి ఇసుకలోకి పోనివ్వకండి. నీటి కింద ఇసుకలో గుబ్బ గోడలు నిలవవు, కోస్తుండగానే కూలిపోతాయి. పిల్లర్‌కి రెండా మూడా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి. గుబ్బ వ్యాసానికి రెండింతలు, అంటే మీటరున్నర ఎడం ఉంటే మంచిది. పైలు పొడవునా, అడుగు దాకా కమ్మీ ఉండాల్సిందే. నేల పైకి లాగేటప్పుడు పైల్ తెగకుండా ఆపేది ఆ కమ్మీయే.

పని దగ్గర పట్టుకోవాల్సిన మోసం ఒకటుంది. గుబ్బ భూమిలో ఉంటుంది, కంటికి కనపడదు, కోయకుండానే కోశామంటారు. కాంక్రీటు లెక్క కట్టండి. 4 మీటర్ల పొడవు కాంక్రీటు పోస్తే కాండానికి 0.28 ఘనపు మీటర్లు, గుబ్బకి మరో 0.07, మొత్తం 0.35. బోరు గోడల హెచ్చుతగ్గుల వల్ల నిజానికి ఇంకాస్త ఎక్కువే పట్టాలి. 0.28తో నిండిపోయిందంటే గుబ్బ లేనట్టే, లేదా గోడ కూలి మట్టి నిండినట్టు. ప్రతి పైల్‌కీ పట్టిన కాంక్రీటు పుస్తకంలో రాయించండి. బోరులో నీళ్లుంటే పైనుంచి గుమ్మరించకూడదు, సిమెంటు కొట్టుకుపోయి కంకర మిగులుతుంది. ట్రెమీ గొట్టం (నీటి అడుగున కాంక్రీటు పోసే పొడవాటి గొట్టం) అడుగు దాకా దించి, స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) 150 మిల్లీమీటర్లకి తగ్గకుండా, గొట్టం మూతి ఎప్పుడూ కాంక్రీటులో మునిగి ఉండేలా పోయాలి. గుబ్బ కోసిన రోజే కాంక్రీటు పడాలి, రాత్రంతా వదిలేయకూడదు.

పైళ్లు కలిపే గ్రేడ్ బీమ్ కింద నేలకీ బీమ్‌కీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. దీన్ని చెన్నై మేస్త్రీలు చాలామంది మట్టితో గట్టిగా దిమ్మిస కొట్టి మూసేస్తారు, పని శుభ్రంగా ఉండాలని. పైళ్ల మీద పెట్టిన ఖర్చంతా అక్కడే వృథా. నేల లేచి బీమ్‌ని కిందినుంచి తంతుంది, పైల్ తలల దగ్గర పగుళ్లొస్తాయి. పీసీసీ (కమ్మీ లేని పలచటి కాంక్రీటు పొర) మీద బీమ్ పోసి, గట్టిపడ్డాక కింది మట్టిని తవ్వి తీయించండి. పక్కల ఇటుకతో మూసినా ఆ ఇటుక బీమ్‌ని తాకకూడదు.

లోపల ఫ్లోరింగ్ కింది ఫిల్లింగ్‌కి తవ్విన నల్లమట్టి వాడొద్దు. ఇక్కడ "సవుడు" అని లారీల్లో తెచ్చేది మన తెలుగులోని చవుడు నేల కాదు, ఇసుక, గరప కలిసిన మట్టి. అది పనికొస్తుంది, కానీ లారీ లారీకి మారుతుంది, గుప్పెట తీసుకుని తడిపి తీగలా పామి చూడండి. సన్నని తీగ సాగిందంటే వెనక్కి పంపండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తగినంత తడిపి, ప్లేట్ కాంపాక్టర్‌తో కొట్టాలి. తగినంత అంటే ప్రాక్టర్ పరీక్ష చెప్పే ఆప్టిమమ్ మాయిశ్చర్: 2.6 కిలోల సుత్తి, 31 సెంటీమీటర్ల ఎత్తు, మూడు పొరలు, పొరకి 25 దెబ్బలు. దానికన్నా పొడిగా ఉంటే గింజలు జరగవు, తడి ఎక్కువైతే దెబ్బని నీళ్లే మింగేస్తాయి. పైపు పెట్టి రెండు రోజులు నీళ్లు నిలబెడితే దానంతటదే దిగుతుందంటారు. శుద్ధ ఇసుకకి అది కొంత నిజం. బంక ఉన్న మట్టికి కాదు, పైగా ఆ నీళ్లు కింది నల్లమట్టికి చేరి దాన్ని ఉబ్బిస్తాయి. ప్రాక్టర్ పరీక్షలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం వచ్చిందని కోర్ కట్టర్‌తో (మట్టి నమూనా తీసి సాంద్రత కొలిచే ఉక్కు గొట్టం) రెండు మూడుచోట్ల చూపించమనండి.

కాంపౌండ్ గోడకి కూడా రాతి పునాది వేసి వదిలేయకండి. చిన్న పైళ్లు, వాటి మీద ఖాళీ ఉంచిన బీమ్, పది పన్నెండు అడుగులకొక జాయింటు పెడితే నిలుస్తుంది.

ఇల్లు లేచాక నేలని తడిపేవి, ఎండబెట్టేవి చుట్టూ ఉంటాయి. తమిళనాడులో 2003 నుంచి వాన నీటి సేకరణ తప్పనిసరి, అది మంచిదే. కానీ మీ స్థలంలో ఇంకుడు గుంత గోడ పక్కనే పెట్టి బంకమట్టిలో ముగిస్తే, ఇంటి ఒక మూలకి ఏటా నీళ్లు తాగిస్తున్నట్టే, గుంతలోనూ నీళ్లు ఇంకవు. పునాది నుంచి స్థలం ఒప్పినంత దూరంగా, వీలైతే 3 మీటర్లు జరిపి, 5 మీటర్ల కింద ఉన్న ఇసుక పొర దాకా బోరు దించి, పై బంక పొర మేర గట్టి పైపుతో మూసేయండి. ఇంటి చుట్టూ మీటరు వెడల్పున బయటికి వాలుగా ఆప్రాన్ (నీళ్లు ఇంకకుండా కాంక్రీటు పట్టీ) వేయండి. వేప, రావి లాంటివి పెరిగి ఎంత ఎత్తవుతాయో అంత దూరంలో ఉండాలి. అర గ్రౌండులో అది కుదరదు కాబట్టి పెద్ద చెట్లు మానుకుని, కుండీ మొక్కలతో సరిపెట్టుకోండి. వేర్లు వేసవిలో బంకమట్టిలోని తేమని పీల్చేస్తాయి, ఆ మూల కుంగుతుంది.

సంప్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. బయటి కొలతలు 3, 2, 2 మీటర్లు ఉన్న సంప్ నీటి మట్టం నేలదాకా వచ్చినప్పుడు దాదాపు 12 టన్నుల బలంతో పైకి తేలాలని చూస్తుంది. 15 సెంటీమీటర్ల గోడలు, అడుగు, దానికన్నా కాస్త పలచటి పైకప్పుతో దాని సొంత బరువు 10 టన్నులు. నవంబరులో కడగడానికి ఖాళీ చేశారంటే లేస్తుంది, పైపులు తెగుతాయి. అడుగు స్లాబుని నాలుగు వైపులా 30 సెంటీమీటర్లు బయటికి పొడిగించి దానిమీద మట్టి కప్పించండి, ఆ మట్టి బరువు తోడవుతుంది. వానాకాలంలో సగానికన్నా ఖాళీ చేయకండి.

రిపోర్టు ఇచ్చినవాళ్లని ఇంకో రెండు అడగండి. వానాకాలపు నీటి మట్టంతో పైల్ కెపాసిటీ ఎంత, పైకి లాగే బలానికి ఎంత అని విడిగా రాసివ్వమనండి. భూగర్భ నీటిలో, మట్టిలో సల్ఫేటు, క్లోరైడు ఎంత ఉన్నాయో పరీక్ష చేయించమనండి, సిమెంటు రకం, కమ్మీకి కవరు (కమ్మీ చుట్టూ ఉండాల్సిన కాంక్రీటు మందం) దాన్ని బట్టే ఖాయం చేయాలి. ఆ కాగితం చేతికొచ్చాకే మీ స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగ్ మొదలుపెట్టాలి, కాంట్రాక్టరుతో రేటు మాట్లాడేది ఆ డ్రాయింగ్ వచ్చాకే.